మసికి 600 డిగ్రీలు కావాలి, బండి ఇచ్చేది 250

డీజిల్ బండి వదిలే మసి చాలావరకు కార్బనే. బొగ్గు కాలుతుంది కాబట్టి ఇదీ కాలాలి. కాలుతుంది కూడా. చిక్కల్లా వేడి దగ్గరే. మామూలు గాలిలో మసి దానంతట అది అంటుకోవాలంటే 550 డిగ్రీల సెల్సియస్ దాటాలి, చకచకా కాలిపోవాలంటే 600 పైన ఉండాలి. హైవే మీద నిలకడగా పోయే డీజిల్ కారు పొగ వేడి 300, మహా అయితే 400. అదే కారు సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా పాకుతూ వెళ్తే 150కీ 250కీ మధ్య ఊగుతూ ఉంటుంది. మిగిలిన ఆ మూడు నాలుగు వందల డిగ్రీల తేడాని పూడ్చే పని లోహపు ఆక్సైడ్లకి అప్పజెప్పారు. అంటే సీరియం, మాంగనీస్, కోబాల్ట్, రాగి, ఇనుము లాంటి లోహాలు ఆక్సిజన్‌తో కలిసి ఏర్పడిన పొడులకి.

వీటి గురించి చదవడం మొదలుపెడితే ముందు ఒక వింత ఎదురవుతుంది. 350, 400 డిగ్రీలకే మసిని మాయం చేశామని చెప్పే పరిశోధన పత్రాలు కొల్లలు. రోడ్డు మీద తిరిగే బండి మాత్రం ఇప్పటికీ అదనంగా డీజిల్ మండించి మరీ 600 డిగ్రీలు తెచ్చుకుంటోంది. ల్యాబు వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, కార్ల కంపెనీలు నిద్రపోవడమూ లేదు. రెండూ ఒకేసారి ఎలా నిజమయ్యాయో చూద్దాం.

పసుపు లైటు వెనక

2020 ఏప్రిల్ 1న దేశమంతా బీఎస్-6, అంటే బండ్ల పొగకి హద్దులు పెట్టే ప్రభుత్వ ప్రమాణం, అమల్లోకి వచ్చింది. అంతకుముందు బీఎస్-4లో డీజిల్ కారు కిలోమీటరుకి 25 మిల్లీగ్రాముల దాకా రేణువులు వదిలినా చెల్లేది. బీఎస్-6లో అది 4.5కి పడిపోయింది. పైగా బరువుతో సంబంధం లేకుండా రేణువుల్ని తలకాయలతో లెక్కపెట్టే నిబంధన ఒకటి వచ్చింది. కిలోమీటరుకి 60 వేల కోట్ల రేణువులు మించకూడదు. వినడానికి భారీ అంకెలాగే ఉంటుంది గానీ, ఫిల్టర్ లేని డీజిల్ ఇంజన్ వదిలే దాని ముందు ఇది చాలా తక్కువ. ఇంజన్ని ఎంత బాగా ట్యూన్ చేసినా ఆ లెక్కకి దిగదు. ఫిల్టర్ పెట్టక తప్పదు. ఈ ఖర్చులన్నీ చూసుకునే మారుతి సుజుకి అప్పటి నుంచి డీజిల్ కార్లకి స్వస్తి చెప్పింది.

రేణువుల్ని లెక్కపెట్టడం దేనికంటే, ఊపిరితిత్తుల లోతుల్లోకి పోయేవి ఆ చిన్నవే, వాటికి బరువు పెద్దగా ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగని, క్యాన్సర్ తెస్తుందని రుజువైన పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న వర్గం అది. మన పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం బండి ఆపి యాక్సిలరేటర్ తొక్కి చేసే పరీక్ష మాత్రం పొగ ఎంత నల్లగా ఉందో చూస్తుంది, అంతే. కంటికి కనపడని రేణువుల సంగతి ఆ మీటరుకి తెలియదు.

ఈ మసి పుట్టుక కాస్త దగ్గరగా చూడాల్సిందే. పెట్రోల్ సాధారణంగా ముందే గాలితో కలిసి ఉంటుంది. డీజిల్ అలా కాదు, బాగా నొక్కడంతో సలసలా వేడెక్కిన గాలిలోకి దాన్ని చిమ్ముతారు. ఆ ధార అంచుల్లో గాలి పుష్కలం, నడుమ ఇంధనమే ఎక్కువ. ఆ నడుమ భాగంలో వేడి ఉంది గానీ ఆక్సిజన్ చాలదు. అక్కడ డీజిల్ అణువులు విరిగి, షడ్భుజి వలయాలుగా అల్లుకుని, ఆ వలయాల పలకలు ఒకదానిమీద ఒకటి చుట్టుకుని 20, 30 నానోమీటర్ల గుండ్రటి బిందువులవుతాయి. ఆ బిందువులు ఒకదానికొకటి అతుక్కుని కొమ్మలు కొమ్మలుగా 100 నానోమీటర్ల ప్రాంతంలో గుత్తులు కడతాయి. మన తల వెంట్రుక మందం 70 వేల నానోమీటర్లని గుర్తుపెట్టుకుంటే దీని సైజు అర్థమవుతుంది. దానిమీద కాలని డీజిల్, ఇంజనాయిల్ ఆవిర్లు పట్టుకుంటాయి. మెకానిక్ వేలికి మసి జిడ్డుగా తగిలేది అందుకే.

దీన్ని పట్టే డబ్బానే డీపీఎఫ్, డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్. లోపల ఉండేది కార్డియరైట్‌తోనో సిలికాన్ కార్బైడ్‌తోనో చేసిన సిరామిక్ దిమ్మ. దాంట్లో పొడుగునా మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటర్ల సందులు వేలల్లో ఉంటాయి. ఒక సందుకి వెనక మూత పెడితే దాని పక్కదానికి ముందు మూత. లోపలికి దూరిన పొగకి ఎదురుగా దారి ఉండదు, గోడలోంచి చొచ్చుకుని పక్క సందులోకి పోవాల్సిందే. ఆ గోడలో రంధ్రాలు 10 నుంచి 20 మైక్రాన్లు. మసి గుత్తి మైక్రానులో పదో వంతు. రంధ్రం నూరు రెట్లు పెద్దదైతే మసి ఎలా ఆగుతుందని అనుమానం రావాలి. అంత చిన్న రేణువులు తిన్నగా పోలేవు. గ్యాసు అణువులు అన్ని వైపుల నుంచీ గుద్దుతుంటే అటూఇటూ కొట్టుకుంటూ గోడకి తగిలి అక్కడే అతుక్కుపోతాయి. కాసేపటికి పేరుకున్న మసి పొరే మిగతా మసికి ఫిల్టర్ అవుతుంది. నూటికి 95 పైనే దొరికిపోతాయి.

దొరికింది పేరుకుంటుంది. పేరుకుంటే పొగకి దారి మూసుకుని ఇంజన్‌కి ఊపిరాడదు, మైలేజీ పడిపోతుంది. సాధారణంగా లీటరు ఫిల్టర్‌కి 5 నుంచి 8 గ్రాముల మసి చేరేసరికి బండి కంప్యూటర్ రీజనరేషన్, అంటే మసిని కాల్చి ఫిల్టర్‌ని ఖాళీ చేసే పని, మొదలుపెడుతుంది. సిలిండర్లో మంట అయిపోయాక మరికాస్త డీజిల్ చిమ్ముతుంది. అది ఫిల్టర్‌కి ముందున్న, ప్లాటినం పూసిన డబ్బాలో కాలి, పొగ వేడిని 600కి చేరుస్తుంది. పది, ఇరవై నిమిషాలు బండి ఓ మాదిరి వేగంతో ఆగకుండా నడిస్తే ఫిల్టర్ శుభ్రపడుతుంది. పిల్లల్ని స్కూల్లో దింపి రావడానికి, కూరగాయలు తేవడానికి మాత్రమే డీజిల్ కారు తీసేవాళ్లకి ఆ ఇరవై నిమిషాలు ఎప్పుడూ దొరకవు. రీజనరేషన్ మొదలవడం, మధ్యలో తాళం తిప్పేయడం. అలా ఆగిన ప్రతిసారీ కాలని డీజిల్ కొంత సిలిండర్ గోడల మీదుగా కిందికి దిగి ఇంజనాయిల్లో కలుస్తుంది. డాష్‌బోర్డు మీద పసుపు లైటు, సర్వీస్ సెంటర్లో బిల్లు, యజమానికి టెన్షన్.

600 డిగ్రీలతో ఇంకో ప్రమాదం ఉంది. రెండున్నర లీటర్ల ఫిల్టర్లో 15 గ్రాముల మసి ఉందనుకుందాం. అదంతా కాలితే దాదాపు 490 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. బండి పరుగులో ఉంటే పొగ ఆ వేడిని మోసుకుపోతుంది. సరిగ్గా మంట ఊపందుకున్న సమయానికి సిగ్నల్ పడి ఇంజన్ ఐడ్లింగ్‌లోకి వచ్చిందంటే మోసుకుపోయే పొగ తగ్గిపోతుంది. ఐడ్లింగ్‌లో డీజిల్ పొగలో ఆక్సిజన్ మాత్రం ఎక్కువ. మంటకి గాలి ఉంది, చల్లార్చేవాడు లేడు. లోపల వేడి 1,000 డిగ్రీలు దాటి సిరామిక్ పగిలిపోవచ్చు, కరిగిపోవచ్చు. మసిని తక్కువ వేడిలో, ఎప్పటికప్పుడు, కొద్దికొద్దిగా కాల్చాలన్న ఆశ ఇక్కడి నుంచే పుట్టింది.

ఆక్సైడ్ ఏం చేస్తుంది

గాలిలో ఆక్సిజన్ జంటగా ఉంటుంది. రెండు పరమాణువుల మధ్య బంధం గట్టిది. దాన్ని తెంపితే గానీ కార్బన్‌తో కలవదు. 600 డిగ్రీలు అడుగుతున్నది ఈ పనికే. సీరియం ఆక్సైడ్, ముద్దుగా సీరియా, అప్పటికే విడిపోయి ఉన్న ఆక్సిజన్‌ని అందిస్తుంది.

సీరియం పరమాణువుకి రెండు స్థితులున్నాయి: నాలుగు ఎలక్ట్రాన్లు వదులుకుంటే 4+, మూడు వదులుకుంటే 3+. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి సులువుగా మారిపోతుంది. పక్కపక్కనున్న రెండు సీరియంలు 4+ నుంచి 3+కి దిగితే స్ఫటికంలోంచి ఒక ఆక్సిజన్ బయటికి పోవచ్చు. అది కార్బన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా వెళ్లిపోతుంది. స్ఫటికంలో ఆ చోట ఖాళీ మిగులుతుంది. ఆక్సిజన్లు పోయినా సీరియా చట్రం కూలదు, ఇదే దాని గొప్ప. పొగలోని ఆక్సిజన్ జంట వచ్చి ఆ ఖాళీలో పడి విడిపోతుంది, సీరియం మళ్లీ 4+ అవుతుంది. కంటితోనే చూడొచ్చు: లేత పసుపు పొడి ఆక్సిజన్ పోగొట్టుకునే కొద్దీ నీలిగా, నల్లగా మారుతుంది, గాలి తగిలితే మళ్లీ పసుపు. ఉత్ప్రేరకం, అంటే తాను ఖర్చవకుండా చర్యని సులువు చేసే పదార్థం, తన ఒంట్లోని ఆక్సిజన్ ఇచ్చి, గాలి నుంచి తిరిగి నింపుకునే ఈ పద్ధతిని 1954లో మార్స్, వాన్ క్రెవెలెన్ అనే డచ్ శాస్త్రవేత్తలు వివరించారు. పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ వాళ్ల పేరుతోనే ఉంది.

కోబాల్ట్, మాంగనీస్, రాగి, ఇనుము, వెనేడియం ఆక్సైడ్లదీ కాస్త అటూఇటూగా ఇదే కథ. లోహం ఆక్సిజన్‌ని మరీ గట్టిగా పట్టుకుంటే ఇవ్వదు, మరీ వదులుగా పట్టుకుంటే ఇచ్చినది తిరిగి తీసుకోదు. రెంటికీ మధ్యలో ఉన్నవే పనికొస్తాయి. ధర మాటకొస్తే సీరియం పేరుకే అరుదైన లోహం, భూమి పైపొరలో రాగి ఎంతుందో ఇంచుమించు ఇదీ అంతే ఉంది. మన శ్రీకాకుళం, భీమిలి తీరాల నల్ల ఇసుకలో దొరికే మోనజైట్ కూడా సీరియం ఉన్న ఖనిజమే. ప్లాటినంతో పోలిస్తే ఇది కారుచౌక.

ఇంత మంచిది దొరికాక ఫిల్టర్ గోడలకి పూసేస్తే అయిపోయింది కదా అనిపిస్తుంది. అవ్వలేదు.

తాకితేనే

పెట్రోల్ కారు ఉత్ప్రేరకానికి వచ్చే శత్రువులు గ్యాసులు. కార్బన్ మోనాక్సైడ్ అయినా, కాలని పెట్రోల్ ఆవిరైనా, ఉత్ప్రేరకంలో ఎంత సన్నటి రంధ్రం ఉన్నా దూరిపోతాయి. అందుకే ఒక గ్రాము ఉత్ప్రేరకంలో వంద చదరపు మీటర్ల ఉపరితలం ఉందని గొప్పగా చెప్పుకుంటారు. ఆ ఉపరితలం చాలావరకు పది నానోమీటర్లలోపు రంధ్రాల లోపలి గోడలే. మసి గుత్తి వంద నానోమీటర్లు, అది ఆ రంధ్రం గుమ్మంలోకి కూడా రాలేదు. అది ఘనపదార్థం, ఉత్ప్రేరకమూ ఘనపదార్థమే. రెండు గరుకు గుండ్లు ఎక్కడో ఒక బిందువు దగ్గర ఆనుకుంటాయి. ఆక్సిజన్ చేతులు మారగలిగేది ఆ బిందువు దగ్గరా, దాని చుట్టూ కొద్ది నానోమీటర్లలోనూ.

అట్లపెనం ఎంత మంచిదైనా దానికి తగిలిన అట్టే కాలుతుంది, పది అట్లు దొంతిగా వేస్తే పైవి పచ్చిగానే ఉంటాయి. ఫిల్టర్లో మసి పేరుకునేది సరిగ్గా అలాగే. గోడకి పూసిన సీరియాకి ఆనుకున్న అడుగు పొర కాలుతుంది. అది కాలగానే పై పొరకీ గోడకీ మధ్య సందు పడుతుంది. పై పొర అక్కడక్కడా కూలి కిందపడితే మళ్లీ కాస్త కాలుతుంది. లేకపోతే పొరుగునే ఉత్ప్రేరకం ఉన్నా దానికి లేనట్టే లెక్క.

ఈ సంగతిని 1990లలో గట్టిగా పట్టుకుని తేల్చింది నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ యూనివర్సిటీలో నీఫ్ట్, మక్కే, మౌలైన్ బృందం. వాళ్లు చేసిన పని వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. అవే ఆక్సైడ్లు, అదే మసి. ఒకసారి మిల్లులో వేసి రెంటినీ మెత్తగా నూరారు. ఇంకోసారి సన్నటి గరిటెతో తేలిగ్గా కలిపారు. మొదటిదాన్ని టైట్ కాంటాక్ట్ అన్నారు, రెండోదాన్ని లూజ్ కాంటాక్ట్. రెంటినీ కొద్దికొద్దిగా వేడిచేస్తూ ఎప్పుడు కాలుతుందో చూశారు. నూరి కలిపినప్పుడు 400 దరిదాపుల్లో కాలిపోయిన మసి, గరిటెతో కలిపినప్పుడు చాలా ఆక్సైడ్ల విషయంలో 500 దాటితే గానీ కదల్లేదు. పదార్థం మారలేదు, కలిపిన తీరు మారిందంతే. తేడా మాత్రం వంద డిగ్రీలకి పైమాటే. ఫిల్టర్లో వాలిన మసి ఆ రెండింటిలో దేనికి దగ్గరో కూడా వాళ్లే పరీక్షించారు. లూజ్ కాంటాక్ట్‌కే. పొగ మసిని మోసుకొచ్చి వదులుతుంది, నూరదు కదా.

మొదట్లో చెప్పిన వింతకి జవాబు చాలావరకు ఇక్కడే ఉంది. ల్యాబులో 350 అని వచ్చిన అంకె తరచుగా నూరిన మిశ్రమానిది. నూరడం తప్పేమీ కాదు, ఆక్సైడ్ అసలు సత్తా ఎంతో తెలియాలంటే అలాగే చూడాలి, పైగా ప్రతిసారీ ఒకేలాంటి ఫలితం వస్తుంది. దాన్ని తీసుకెళ్లి కారుకి అంటగట్టడం దగ్గరే పేచీ. ఇంకో చిన్న సంగతి, ఇలాంటి పరీక్షల్లో చాలాచోట్ల వాడేది నిజం డీజిల్ మసి కాదు, ప్రింటెక్స్-యూ అనే ఫ్యాక్టరీ కార్బన్ పొడి. అందరికీ ఒకేలా దొరుకుతుంది కాబట్టి పోల్చుకోవడానికి వీలు.

ఆ తాకిడి దగ్గర ఏం జరుగుతుందో చూసినవాళ్లూ ఉన్నారు. 2008లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు, హాల్డర్ టాప్సో అనే ఉత్ప్రేరకాల కంపెనీ వాళ్లతో కలిసి, లోపలికి ఆక్సిజన్ పంపగలిగే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద సీరియా, మసి రేణువుల్ని పక్కపక్కన పెట్టి వేడిచేశారు. మసి ఎక్కడ పడితే అక్కడ తరగలేదు. సీరియాకి ఆనుకున్న అంచు దగ్గరే తరిగింది. తరుగుతున్న కొద్దీ మిగతా మసి గుత్తి సీరియా వైపు జరిగి వచ్చింది, అంటే తగిలిన చోట తగిలినట్టే ఉండేలా. రెండు రేణువుల స్థాయిలో ఈ అదృష్టం పనిచేస్తుంది. పదుల మైక్రాన్ల మందాన మసి పేరుకున్న ఫిల్టర్లో ఆ అదృష్టాన్ని నమ్ముకుని కూర్చోలేం.

తాకించే దారులు

ఇక ఆ తర్వాత వచ్చిన పరిశోధన అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: వీటిని తాకించడం ఎలా? మసి ఉత్ప్రేరకం దగ్గరికి రాకపోతే ఉత్ప్రేరకమే మసి దగ్గరికి పోవాలి, లేదా మధ్యవర్తి ఎవరైనా ఉండాలి.

మొదటి ఆలోచన, కరిగే ఉత్ప్రేరకాలు. పొటాషియం, సీజియం లవణాలు, వెనేడియం, మాలిబ్డినం ఆక్సైడ్ల మిశ్రమాలు కొన్ని ఆ వేడికే కరిగో, కదులుతూనో మసిని తడుపుతాయి. లూజ్ కాంటాక్ట్‌లోనూ బాగా పనిచేస్తాయి. ఆ కదలికే వాటి కొంప ముంచింది. పొటాషియం లవణాలు పొగలోని తేమకి కరిగి కొట్టుకుపోతాయి, మాలిబ్డినం ఆవిరైపోతుంది, వెనేడియం విషం. ఫిల్టర్ సిరామిక్‌ని తినేసే రకాలూ ఉన్నాయి. లక్ష కిలోమీటర్లు నిలవాల్సిన వస్తువుకి ఇవి పనికిరావు.

రెండోది నాకు అన్నిటికంటే తెలివైనదనిపిస్తుంది. ఉత్ప్రేరకాన్ని డీజిల్లోనే కలిపేశారు. 2000లో వచ్చిన ప్యూజో 607, కంపెనీ నుంచే డీపీఎఫ్‌తో వచ్చి పెద్ద సంఖ్యలో అమ్ముడైన మొదటి కారు. దాంట్లో డీజిల్ ట్యాంకుతో పాటు సీరియం ద్రావణం ఉన్న చిన్న ట్యాంకు ఒకటి ఉండేది. డీజిల్ పోసుకున్నప్పుడల్లా బండి తనంతట తానే దాంట్లోంచి కొద్దిగా కలుపుకునేది. సిలిండర్లో డీజిల్ కాలి మసి పుడుతున్నప్పుడే సీరియం కూడా ఆక్సైడ్ నలుసులుగా మారి ఆ మసిలోనే పొదిగి ఉండేది. పుట్టుకతోనే కలిసి వచ్చినవాటిని మళ్లీ తాకించే పని ఏముంది? 550 డిగ్రీల దగ్గర కాలాల్సిన మసి 450కే కాలడం మొదలుపెట్టింది. మూల్యం ఏమిటంటే మసి పోయినా సీరియా పోదు. అది ఫిల్టర్లోనే మిగిలిపోయి, మొదటి తరం కార్లకి 80 వేల కిలోమీటర్లకోసారి ఫిల్టర్ విప్పి కడగాల్సి వచ్చేది. పైగా ఆ ద్రావణం అయిపోతే మళ్లీ నింపించుకోవాలి, దాని ఖర్చు వేరే.

మూడోదే లోకమంతా గెలిచింది. మధ్యవర్తి గ్యాసు. ఇంజన్ పొగలో నైట్రిక్ ఆక్సైడ్ ఎలాగూ ఉంటుంది. ప్లాటినం దాన్ని నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. ఇది ఆక్సిజన్ కంటే దుడుకైనది, 250, 300 డిగ్రీల దగ్గరే మసిని కాల్చగలదు. గ్యాసు కాబట్టి మసి పొరలో ఎక్కడికైనా పోతుంది, తాకిడి సమస్యే ఉండదు. ఇంగ్లండ్‌లోని జాన్సన్ మ్యాథీ కంపెనీ శాస్త్రవేత్తలు కూపర్, థాస్ 1989లో దీన్ని బయటపెట్టారు. ఫిల్టర్ ముందు ప్లాటినం డబ్బా పెట్టే ఈ ఏర్పాటు లారీలకి, బస్సులకి బాగా కుదిరింది.

దీనికీ షరతులున్నాయి. 12 గ్రాముల కార్బన్ కాలాలంటే 92 గ్రాముల నైట్రోజన్ డయాక్సైడ్ కావాలి, అంటే దాదాపు ఎనిమిది రెట్లు, అదీ ఒక్క అణువూ వృథా పోకపోతే. ఇంజన్లోనే నైట్రోజన్ ఆక్సైడ్లని తగ్గించాలని ఇంకో నిబంధన మెడ మీద ఉంటుంది. 400, 450 డిగ్రీలు దాటితే నైట్రోజన్ డయాక్సైడ్ నిలవదు, తిరిగి పాత రూపానికి పోతుంది. డీజిల్లో గంధకం ఉంటే ప్లాటినం దాన్ని సల్ఫేట్‌గా మార్చి తానే కొత్త రేణువులు పుట్టిస్తుంది. అందుకే ఈ పద్ధతి ముందు స్వీడన్ లాంటి, గంధకం దాదాపు లేని డీజిల్ తొందరగా అందిన దేశాల్లో నడిచింది. మన దగ్గర బీఎస్-4 డీజిల్లో గంధకం పది లక్షల్లో 50 పాళ్లు, బీఎస్-6లో 10 పాళ్లు. విశాఖతో సహా రిఫైనరీలన్నీ ముందు ఆ 10కి దిగితే గానీ బండికి డబ్బా తగిలించి లాభం లేకపోయింది.

నాలుగోది ఆకారం మార్చడం. మసి రంధ్రంలో దూరకపోతే రంధ్రాన్నే పెద్దది చేద్దామన్నారు. బీజింగ్‌లోని చైనా పెట్రోలియం యూనివర్సిటీ వాళ్లు నానో గోళీలు పేర్చి, వాటి సందుల్లో ఆక్సైడ్ పోసి, తర్వాత గోళీలు కాల్చేసి, మసి లోపలికి నడిచిపోయేంత పెద్ద గదులున్న ఉత్ప్రేరకాలు చేశారు. ఇటలీలో ట్యూరిన్ పాలిటెక్నిక్ వాళ్లు సీరియాని దారాలుగా చేసి, వాటి వలలో మసి చిక్కుకునేలా చూశారు. జపాన్‌లో టొయోటా పరిశోధన సంస్థ 2010లో వెండి నలుసు చుట్టూ సీరియా నలుసులు పొదిగిన రేణువు తయారుచేసింది. వాళ్ల దేశపు అన్నం ముద్ద ఆకారంలో ఉందని దానికి రైస్‌బాల్ అనే పేరు పెట్టారు. ఆక్సిజన్‌ని విడదీసే పని వెండిది, దాన్ని బయటికి అందించే పని సీరియాది. 300 డిగ్రీల లోపే మసిని కాల్చిన కొద్ది ఉత్ప్రేరకాల్లో అదొకటి.

ముసలితనం

కొత్త పొడి బాగా పనిచేయడం పెద్ద విషయం కాదు. ఫిల్టర్లో ఎప్పుడో ఒకసారి మంట అదుపు తప్పి 800, 900 డిగ్రీలు తగులుతుంది. వట్టి సీరియా ఆ వేడికి తట్టుకోలేదు. నలుసులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి లావెక్కుతాయి, ఉపరితలం తరిగిపోతుంది, మసికి తగిలే చోట్లు ఇంకా తగ్గుతాయి. అందుకే సీరియాలో వేరే లోహాలు కలుపుతారు.

ఈ పనిలో హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థకి మంచి పేరుంది. అక్కడ బెంజారం మహిపాల్ రెడ్డి బృందం ఏళ్ల తరబడి సీరియా మిశ్రమాల మీద పనిచేసింది. జిర్కోనియం కలిపితే ఏమవుతుంది, లాంథనం కలిపితే ఏమవుతుంది అని మసి కాల్చడంలోనే రెంటినీ పోల్చి చూసింది. జిర్కోనియం కూడా 4+ అయినా, సీరియం కంటే చిన్నది. అది స్ఫటికంలో కూర్చుంటే చుట్టుపక్కల బంధాలు వంకరపోయి ఆక్సిజన్ కదలిక సులువవుతుంది, వేడికి నలుసులు లావెక్కడమూ తగ్గుతుంది. లాంథనం ఎప్పుడూ 3+గానే ఉంటుంది. నాలుగు ప్లస్సులుండాల్సిన చోట మూడే ఉంటే ఆ లోటు సర్దుకోవడానికి స్ఫటికం తనంతట తానే ఆక్సిజన్ ఖాళీలు పెట్టుకోవాలి. ఆ ఖాళీలే గాలిలోని ఆక్సిజన్ దిగే చోట్లు.

గంధకం దగ్గర సీరియా కూడా బలహీనమే. సల్ఫేట్‌గా మారితే 3+లో ఇరుక్కుపోతుంది, ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోతుంది. లారీల్లో కల్తీ డీజిల్ పోసేవాళ్లు డీపీఎఫ్‌ని తిట్టుకోవడంలో సగం కారణం ఇదే అయ్యుండొచ్చని నా అనుమానం.

మొత్తానికి నేటి బండిలో ఉన్నది కలగూరగంప. ముందు ప్లాటినం, పల్లేడియం డబ్బా. వెనక ఫిల్టర్, దాని గోడలకి అదే జాతి లోహాల పూత, కొన్నిట్లో సీరియా-జిర్కోనియా తోడు. వేడి అనుకూలిస్తే నైట్రోజన్ డయాక్సైడ్ తన పని తాను చేసుకుపోతుంది. అనుకూలించకపోతే డీజిల్ చిమ్మి మంట పెట్టడమే. ఆ మంటలో ఆక్సైడ్ పాత్ర చిన్నదే గానీ పనికిమాలినది కాదు. మసి కాస్త తక్కువ వేడికే, కాస్త తొందరగా కాలుతుంది, చిమ్మే డీజిల్ ఆదా అవుతుంది, సగం కాలిన కార్బన్ మోనాక్సైడ్ కూడా కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది.

ఇకమీదట ఎవరైనా 300 డిగ్రీలకే మసి కాల్చే కొత్త ఉత్ప్రేరకం కనిపెట్టారని వార్త వస్తే రెండు సంగతులు చూడండి. మసిని దాంతో నూరి కలిపారా, ఊరికే కలిపారా? పరీక్షలో పంపిన గ్యాసులో నైట్రోజన్ ఆక్సైడ్లున్నాయా, వట్టి గాలేనా? ఈ రెండూ తెలియకుండా ఆ 300కి విలువ లేదు. కొంతమంది మెకానిక్‌లు చెప్పే అడ్డదారి ఇంకోటుంది, డీపీఎఫ్ లోపలిది పీకేసి కంప్యూటర్‌కి మాయమాటలు చెప్పడం. కంపెనీ ఇచ్చిన బండిని అలా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. ఆ నలుసులు పోయేది కూడా వెనక బైకు మీద వచ్చేవాడి ఊపిరితిత్తుల్లోకే.

మసి అంతా కాలిపోయినా ఫిల్టర్ ఎన్నటికీ ఖాళీ అవదు. ఇంజనాయిల్లో కలిపే కాల్షియం, జింకు, ఫాస్ఫరస్, మెగ్నీషియం సమ్మేళనాలు ఆయిల్‌తో పాటు కొద్దికొద్దిగా కాలి బూడిదగా ఫిల్టర్లో చేరతాయి. కాలాల్సిందంతా కాలగా మిగిలింది అది, ఏ ఉత్ప్రేరకమూ దాన్నేమీ చేయలేదు. సందుల చివర గడ్డకట్టి, గోడలకి పొరగా పట్టి, మసికీ పూతకీ మధ్య అడ్డుగా కూడా నిలుస్తుంది. చివరికి ఫిల్టర్ విప్పి గాలి కొట్టించాలి, లేదా మార్చాలి. అందుకే డీపీఎఫ్ ఉన్న బండికి బూడిద తక్కువ వదిలే ఆయిలే పోయమంటారు, చాలా కార్ల మాన్యువల్లో సీ3 లాంటి గ్రేడు రాసి ఉంటుంది. లీటరుకి రెండొందలు తక్కువని వేరే డబ్బా కొట్టించుకునే ముందు ఆ పేజీ ఒకసారి తిరగేయండి.